పెద్ద టీవీ, జొన్నకంకి అంచు

ఎమ్మిగనూరు
జూన్ 10, 2024

ధనుంజయా,

ఫోన్లో నువ్వు మాట్లాడేది ఈ మధ్య నాకు గుయ్యిమనే చప్పుడుగా తప్ప వినపడడం లేదు. నలభై ఏళ్లు మగ్గం చప్పుడు మోసిన చెవులు ఇక మా వల్ల కాదన్నాయి. వేలితో ఫోన్లో అక్షరాలు నొక్కడం నాకు రాదు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను. నువ్వు కూడా కాగితం మీదే రాయి. నీ రాత కోడి కెలికినట్టు ఉంటుంది గానీ నాకు అలవాటే.

ఈసారి ఎండలు మమ్మల్ని వేయించి వదిలాయి. బనగానపల్లె కాయలు ఒక పెట్టె కడప బస్సులో వేయించాను, అందాయా? పైవరుసవి ముందు తినండి.

ఎదురింటి సుబ్బయ్య మగ్గం తీసేశాడు. సాదా చీరలు కదలడం లేదని చేనేత సొసైటీ నూలు తగ్గించింది. కాళ్లు పెట్టుకునే గుంటను సిమెంటుతో పూడ్చి, దాని మీద ఫ్రిజ్జు పెట్టుకున్నాడు. మన వీధిలో ఇది నాలుగో గుంట. పరమేష్ చూసి వచ్చి ఏమీ మాట్లాడలేదు. నా కొడుకు మాట్లాడకపోతే నాకు భయం.

ఇప్పుడు అసలు సంగతి. మన ఇంట్లో నువ్వు తొమ్మిదేళ్ల కింద బిగించిపోయిన ముప్పై రెండు అంగుళాల టీవీ ఉంది కదా. అది బాగానే పనిచేస్తోంది. కానీ కర్నూలులో ఒక దుకాణంలో ఫోర్‌కే అని పెద్ద టీవీ చూశాను. చీమ కాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు అన్నాడు దుకాణమాయన. అది తీసుకోవాలని ఉంది. ఎందుకని అడగొద్దు, నవ్వుతావు. తీసుకోవాలా వద్దా, ఒక్క మాట చెప్పు. టీవీల సంగతి నీకంటే తెలిసినవాళ్లు నాకెవరున్నారు?

నీ అక్క
గంగాదేవి

కడప
జూన్ 17, 2024

అక్కా,

కాయలు అందాయి. ఒక్కటి కూడా చెడలేదు. నీ మరదలు లక్ష్మీదుర్గ పైవరుసతో మొదలుపెట్టి అడుగువరుస దాకా వచ్చేసింది.

నీకు ఒక్క మాట కావాలన్నావు. వద్దు.

ముప్పై నాలుగేళ్లుగా టీవీలు విప్పుతున్నవాడిగా చెప్తున్నాను. తెర మీద బొమ్మంటే చుక్కలే. ఫోర్‌కే అంటే చుక్కలు ఎక్కువ, అంతే. అయితే ఆ చుక్కలు లెక్కకు రావాలంటే దగ్గర కూర్చోవాలి. నీ మంచానికి, టీవీకి మధ్య పది అడుగులు ఉంది. అంత దూరం నుంచి, ఈ వయసులో, నీ కళ్లకు తేడా తెలియదు. పైగా పంపేవాడు పాత రకం బొమ్మ పంపితే పెద్ద టీవీ దాన్ని సాగదీసి చూపిస్తుంది. చిన్న చపాతీని పెద్ద పళ్లెంలో పెట్టినంత మాత్రాన కడుపు నిండదు.

ఇది నీ ఆలోచన కాదని నాకు తెలుసు. పరమేష్‌కు క్రికెట్టు చూడాలని ఉండి నీ చేత రాయిస్తున్నాడు. అందుకే వాడికి ఫోన్ చేసి నాలుగు మాటలు అన్నాను. మగ్గం మీద కూర్చునేవాడికి పెద్ద టీవీ ఎందుకప్పా అని అడిగాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

మా దుకాణం సంగతి ఏముంది. టీవీ పాడైతే బాగుచేయించేవాళ్లు తగ్గిపోయారు. పారేసి కొత్తది కొంటున్నారు. నేను మాత్రం పొద్దున తొమ్మిదికే షట్టరు ఎత్తుతున్నాను.

నీ తమ్ముడు
ధనుంజయ

ఎమ్మిగనూరు
జూన్ 25, 2024

ధనుంజయా,

నువ్వు ఎంత పని చేశావో తెలుసా? టీవీ మాట పరమేష్‌కు నేను చెప్పనే లేదు. వాడి మీద నీకు చాడీలు రాశాననుకున్నాడు. రాత్రి సంగటి ముద్ద అట్లాగే వదిలేసి లేచాడు. మరుసటి రోజు పొద్దున, "అమ్మా, దసరాకి బెంగళూరు పోతాండా. సెక్యూరిటీ పని చూసినారంట. ఈ మగ్గం నువ్వే ఎవరికన్నా ఇచ్చేయ్" అన్నాడు. నెలనుంచి వాడి కడుపులో ఉన్న మాటే అది. నీ ఫోన్‌తో బయటికి వచ్చింది.

రెండో సంగతి, నా కళ్లు. నిన్న పడుగులో తెగిన పోగులు పదకొండు ఉంటే అద్దాలు లేకుండా అతికాను. నీకు చేతనైతే వచ్చి ఒక్కటి అతుకు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. నవ్వితే నవ్వు.

పోయిన నెల టీవీలో పాత బట్టల గురించి ఒక కార్యక్రమం వచ్చింది. ఏదో మ్యూజియంలో, అద్దాల పెట్టెలో పరిచిన చీరలు చూపించారు. అందులో ఒకటి రాయలసీమ నూలుచీర, నేసినవారు తెలియదు అని చెప్పి దాటేశారు. దాని అంచులో జొన్నకంకులు. కంకి కంకికీ మధ్య ఒక పిట్ట, తల వెనక్కి తిప్పి చూస్తూ ఉంది. నేను కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డాను. ధనుంజయా, అది అవ్వ అంచు. అవ్వ తప్ప ఇంకెవరూ అది నేయలేదు. నేర్పేలోపే ఆమె చేతులు వణకడం మొదలైంది. ఒక చీరన్నా మిగిలుంటే చూసి నేర్చుకునేదాన్ని. ఉన్నదాన్ని చెదలు తిన్నాయని నాయన చెప్పాడు కదా.

ఆ అంచు మళ్లీ నేస్తే సొసైటీ తీసుకుంటుంది. కొత్త అంచు ఏదైనా తెస్తే నూలు ఇస్తామని సెక్రెటరీ రాజశేఖర్ అందరి ముందు అన్నాడు. బొమ్మను మగ్గం మీదికి ఎక్కించే జాకార్డు అట్టలకు పరమేష్ బాగా చిల్లులు కొడతాడు. గ్రాఫు కాగితం మీద పోగులు లెక్కగట్టి ఇస్తే చాలు. కానీ మన టీవీలో ఆ చీర వస్తే పోగులు కనపడవు. గుడ్డంతా నీళ్ల మీద అలల మాదిరి కదులుతుంది. సుబ్బయ్య ఫోన్లో అదే కార్యక్రమం వెతికి చూపించాడు. వేళ్లతో పెద్దది చేస్తే పిట్ట బూడిదకుప్ప అయ్యింది. పరమేష్‌కు మాత్రం ఇంకా చెప్పలేదు. ఆశపెట్టి, కాకపోతే వాడు తట్టుకోలేడు.

పది అడుగుల దూరం నుంచి చూడడానికి కాదు నాకు టీవీ. దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చోవడానికి.

గంగాదేవి

కడప
జూలై 3, 2024

అక్కా,

నేను నవ్వలేదు. జాబు రెండుసార్లు చదివి దుకాణం మధ్యాహ్నమే మూసేశాను.

ముందు పరమేష్ సంగతి. వాడికి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. "ఏం లేదులే మామా" అన్నాడు. ఏదో ఉందనే దాని అర్థం. అంచు సంగతి కూడా వాడికి నేనే చెప్పాను, కోప్పడకు.

నువ్వు రాసిన అలల మాటతో నాకు విషయం అర్థమైంది. తెర మీద రెండు అడుగుల గుడ్డ కనిపించిందనుకో. అంగుళానికి ఎనభై పోగుల లెక్కన దాదాపు రెండువేల పోగులు. మన పాత టీవీలో అడ్డంగా ఉండేది పదమూడు వందల పైచిలుకు చుక్కలే. రెండువేల పోగులు అందులో ఇమడవు. ఇమడనివన్నీ అలలై తిరుగుతాయి. ఫోర్‌కేలో మూడువేల ఎనిమిది వందల చుక్కలుంటాయి. అంటే పోగుకు రెండు చుక్కలు. దగ్గర కూర్చుంటే లెక్కపెట్టొచ్చు.

పంపేవాడి బొమ్మ కూడా అంత ఉండాలి కదా, అదీ వెతికి చూశాను. ఆ కార్యక్రమాన్ని ఫోర్‌కేలోనే తీసి నెట్లో ఉంచారు. ఫొటోగా ప్రింటు తీయించి పంపుదామనుకున్నాను గానీ కెమెరా ఒక్కచోట నిలవకుండా అంచు మీదుగా మెల్లగా జరిగిపోతుంది. ఏ ఒక్క ఫొటోలోనూ అంతా దొరకదు. ఆపుతూ, కదుపుతూ, నువ్వే కూర్చోవాలి. కాబట్టి నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకు పెద్ద టీవీ కావాలి.

కొనొద్దు. నా దగ్గర యాభై ఐదు అంగుళాలది ఒకటి ఉంది. ఒక లాడ్జి ఆయన, బాగుకాదని కంపెనీవాళ్లు చెప్పారంటూ నా దుకాణంలో వదిలి కొత్తది కొనుక్కున్నాడు. నాలుగు రోజులు దాన్ని విప్పదీసి కూర్చున్నాను. పవర్ బోర్డు మార్చాను, బ్యాక్‌లైటు పట్టీలు రెండు వేశాను. నిన్న సాయంత్రం వెలిగింది. కుడివైపు జానెడు మేర నీడ ఉంది, అది పోదు. పరమేష్ వచ్చి తీసుకుపోతాడు.

అక్కా, ఇంకొకటి రాయాలి. ముప్పై ఐదేళ్లుగా రాయలేనిది.

అవ్వ చీరను చెదలు తినలేదు. పాత బట్టలు సేకరించే ఒకాయన కర్నూలు వచ్చి లాడ్జిలో దిగాడని తెలిసి, నేనే పెట్టెలో నుంచి తీసి ఆయనకు ఇచ్చేశాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. వచ్చిన దాంతో టీవీ మెకానిక్ కోర్సులో చేరాను. నాయనకు తెలిసింది. కొట్టలేదు. "మీ అక్కకు చెప్పొద్దురా, దానికి ప్రాణం పోతాది" అన్నాడు. చెదలని చెప్పింది నన్ను కాపాడడానికే. నువ్వు చూసిన చీర అదేనని నా అనుమానం.

టీవీ మాత్రం పంపుతున్నాను. నన్ను మీ గడప తొక్కనివ్వాలో లేదో నువ్వే రాయి.

ధనుంజయ

కడప
ఆగస్టు 5, 2024

అక్కా,

నెల దాటింది. నీ దగ్గర నుంచి కవరు లేదు. పరమేష్‌కు పగలు ఎప్పుడు ఫోన్ చేసినా కట్ చేస్తున్నాడు. నీ కోపం ఎంతదో నాకు అర్థమైంది. టీవీ ముట్టుకోవడానికి కూడా నీకు మనసు ఒప్పి ఉండదు. వాపసు పంపినా నేనేమీ అనుకోను. ఏ బస్సుకు వేశావో మాత్రం చెప్పు, స్టాండుకు పోయి దించుకుంటాను.

మంత్రాలయం పోదామని లక్ష్మీదుర్గ అంటోంది. దారిలో ఎమ్మిగనూరు వస్తుంది కాబట్టి వద్దన్నాను.

ధనుంజయ

ఎమ్మిగనూరు
ఆగస్టు 14, 2024

పిచ్చోడా,

వాపసు ఎవరు పంపుతారు? నెలనుంచి నేను ఆ తెర ముందు నుంచి లేస్తే కదా నీకు జాబు రాయడానికి. పరమేష్ ఫోన్ నుంచే టీవీకి నెట్ తీసుకుంటున్నాం. మధ్యలో ఎవరన్నా ఫోన్ చేస్తే బొమ్మ ఆగిపోతుందని కట్ చేస్తున్నాడు. రాత్రికి నీకు చేద్దామనుకుంటాడు, పడుకుంటే తెల్లారుతుంది.

ముందు నుంచీ చెప్తాను. నీ జాబు వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. ఆ జాబును మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. పరమేష్ టీవీ తెచ్చినా రెండు రోజులు దుప్పటి విప్పనివ్వలేదు. మూడో రోజు వాడే విప్పి, గోడకు బిగించి, ఆ కార్యక్రమం పెట్టాడు. చీర వచ్చినచోట ఆపాడు.

అలలు లేవు ధనుంజయా. గుడ్డ కనిపించింది. చెయ్యి చాస్తే తగులుతుందేమో అన్నట్టుంది. పరమేష్ తెరకు మూరెడు దూరంలో నిలబడి, "అమ్మా, పిట్ట ఎనక్కి చూస్తాండాది. దాని కన్ను ఒక్క పోగుతో ఏసినారు" అన్నాడు. సుబ్బయ్యను పిలుచుకొచ్చాడు. ఆయన చాలాసేపు చూసి, "యాభై ఏండ్లు నేసినా గదప్పా, ఇట్లాంటి పని యాడా చూడలే" అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నేను ఇంకొకటి వెతుకుతున్నాను. అవ్వ ఏ చీర నేసినా ఎడమ అంచు చివర, ఎర్రపోగుల మధ్య ఒకే ఒక్క ఆకుపచ్చ పోగు వేసేది. దిష్టి తగలకుండా. ఆ సంగతి ఇంట్లో మా ఆడవాళ్లకే తెలుసు. పరమేష్ బొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ పోయాడు. అది ఉంది. వెంట్రుకంత సన్నగా, పచ్చగా.

అప్పుడు నా కోపం ఎటు పోయిందో తెలియదు. తర్వాత కొన్నాళ్లకు పెట్టెలో మిగిలిన అవ్వ బట్టలను నిజంగానే చెదలు తిన్నాయి, నేనే ఎత్తి పారబోశాను. నువ్వు ఎత్తుకుపోయిందొక్కటే బతికింది. తప్పు తప్పే, నేను కాదనను. కానీ చీర ఉంది. ఆ చదువుతో నువ్వు బాగుచేసిన టీవీలోనే నేను దాన్ని చూశాను. ఇక ఆ మాట మన మధ్య వద్దు.

గ్రాఫు కాగితాలు తెచ్చాం. తెర మీద పలుచని కాగితం ఆనించి గీతలు గీసుకుని, మళ్లీ గ్రాఫులోకి ఎక్కించాను. అంచుకు నాలుగు వందల పన్నెండు పోగులు తేలాయి. పరమేష్ అట్టలు కొట్టాడు. జానెడు నేసి చూశాం.

చెడింది. కంకులు కంకుల మాదిరి లేవు, దువ్వెనల మాదిరి ఉన్నాయి. పిట్టకు మెడ లేదు. మళ్లీ లెక్కపెట్టినా అవే నాలుగు వందల పన్నెండు. పరమేష్ తనకు పని చూసిపెట్టిన బెంగళూరు ఆయనకు ఫోన్ చేసి దసరాకి వస్తానని చెప్పాడు. నా లెక్క ఎక్కడ తప్పిందో నాకు తెలియడం లేదు. అవ్వ నాకు పరీక్ష పెడుతోంది.

మంత్రాలయం పోతే ఈడ దిగకుండా పోయినావో, చూసుకో.

గంగాదేవి

కడప
ఆగస్టు 19, 2024

అక్కా,

నీ జాబు దుకాణంలో నిలబడే చదివాను. పక్క కొట్టు ఆయన వచ్చి ఏమైంది స్వామీ అని అడిగితే, దుమ్ము పడిందన్నాను.

మొట్టమొదటగా, తెర మీద కాగితం ఆనించి గీశావు చూడు, అది చదివి నా గుండె ఆగింది. ఆ ప్యానెల్ గాజుబిళ్ల కాదు. గట్టిగా నొక్కితే పోతుంది. ఇకమీదట కళ్లతో చూసి, వేరే కాగితం మీద గీయి.

ఇప్పుడు నీ లెక్క. తప్పు నీది కాదు, టీవీది. ఈ టీవీలు ఉన్నది ఉన్నట్టు చూపించవు. బొమ్మ పదునుగా కనపడాలని ప్రతి గీత పక్కనా ఇంకో సన్నగీత తామే పుట్టిస్తాయి. సినిమా చూసేవాడికి అది అందం. పోగులు లెక్కపెట్టేవాళ్లకు అది మోసం. నువ్వు లెక్కపెట్టిన వాటిలో కొన్ని అవ్వ వేసినవి కావు, టీవీ వేసినవి. పరమేష్‌ను రిమోట్లో పిక్చర్ అన్నచోటికి పోయి షార్ప్‌నెస్ అనేదాన్ని సున్నాకు దించమను. దాని కింద బొమ్మను నునుపు చేసేవి రెండు ఉంటాయి, అవీ ఆపేయమను. బొమ్మ కొంచెం మెత్తబడినట్టు అనిపిస్తుంది. భయపడొద్దు. అదే నిజం. మూడు వేరువేరు చోట్ల ఆపి లెక్కపెట్టు. మూడూ ఒక్కటైతేనే నమ్ము.

ఇది నేను టీవీ పంపే ముందే చేయాల్సింది. పరమేష్‌కు చెప్పు, తప్పిన జానెడు నా ఖాతాలో వేసుకోమని. బెంగళూరు ఆయనకు మళ్లీ ఫోన్ చేయడానికి తొందరపడొద్దని కూడా చెప్పు.

ధనుంజయ

ఎమ్మిగనూరు
నవంబరు 8, 2024

తమ్ముడూ,

మూడుచోట్లా ఒక్కటే వచ్చింది. మూడు వందల తొంభై ఎనిమిది. పద్నాలుగు పోగులు నీ టీవీ కల్పించినవి.

దసరాకు నాలుగు రోజుల ముందు నువ్వూ లక్ష్మీదుర్గా వచ్చి చూసింది జానెడే. ఇప్పుడు చీర అయ్యింది. కోసేటప్పుడు కత్తెర పరమేష్ చేతికి ఇస్తే, "నువ్వే కొయ్యమ్మా" అన్నాడు. సుబ్బయ్య అటు కొస పట్టుకున్నాడు, పరమేష్ ఇటు కొస. వాకిట్లో ఎండకు పరిస్తే వీధిలో పోయేవాళ్లు ఆగారు. కంకులు కంకుల మాదిరే ఉన్నాయి. పిట్టలన్నీ మెడలు తిప్పి చూస్తున్నాయి.

సొసైటీకి తీసుకుపోయాం. రాజశేఖర్ భూతద్దం పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు. "ఇది యాడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు. టీవీలో అన్నాను. నమ్మలేదు. ఎదురుగా గట్టిగా చెప్తే తప్ప నా చెవులకు అందదు కాబట్టి ఆయన పక్కవాళ్లతో ఏమన్నాడో నాకు తెలియదు. పరమేష్ ముఖం చూశాను, అది చాలింది.

నలభై చీరలు అడిగారు. ఒక్క మగ్గంతో కాదని నాలుగు ఇళ్లకు నూలు ఇచ్చారు. నిన్న పొద్దున ఎదురింటి నుంచి ఏదో అదురు నా కాళ్లకు తెలిసింది. పోయి చూస్తే సుబ్బయ్య ఫ్రిజ్జు పక్కకు జరిపి, గడ్డపారతో సిమెంటు పగలగొడుతున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చెమటతో తడిసిపోయి, నన్ను చూసి, "గుంట అట్లే ఉండాది తల్లీ, ఏం కాలే" అన్నాడు. బెంగళూరు ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. పరమేష్ ఆయన్ను సంక్రాంతికి చీరలు కొనుక్కోమన్నాడు.

ఒక సంగతి నిన్ను అడగకుండా చేశాను. చీరకు కట్టే చీటీ మీద అంచు పేరు రాయాలన్నారు. ఇన్నాళ్లూ మన వీధి చీరలకు నంబర్లే ఉండేవి. నేసినవారు తెలియదు అని ఆ మ్యూజియంవాళ్లు చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. పెన్ను తీసుకుని అవ్వ పేరు రాశాను. గురమ్మ అంచు. రాజశేఖర్ కొంచెం ఆలోచించి, అట్లాగే అచ్చు వేయమన్నాడు.

మ్యూజియంకు ఒక జాబు రాయాలి. అది నువ్వే రాయి, నీ మనసుకూ బాగుంటుంది. కానీ రాత మాత్రం లక్ష్మీదుర్గ చేత రాయించు.

అక్క
గంగాదేవి

కడప
జనవరి 22, 2025

అక్కా,

మ్యూజియంకు రాశాను. అవ్వ పేరు, ఊరు, ఆకుపచ్చ పోగు సంగతి, చీర నా చేతుల మీదుగా ఎట్లా పోయిందో, అన్నీ దాచకుండా రాశాను. నిన్న జవాబు వచ్చింది. చీర పక్కన ఉన్న పలకను మారుస్తున్నారట. నేసినవారు గురమ్మ, ఎమ్మిగనూరు అని.

ఇది పరమేష్‌కు ఫోన్లో చెప్పాను, వాడు నీకు ముందే చెప్పి ఉంటాడు. నేను ఈ జాబు రాస్తున్నది వేరే దానికి.

ఈరోజు సాయంత్రం లక్ష్మీదుర్గను తీసుకుని ఇక్కడి చేనేత దుకాణానికి పోయాను. మా ముందు ఒకామె నిలబడి ఉంది. కాలేజీలో పాఠాలు చెప్పే ఆమెలాగా ఉంది, చేతిలో పేపర్ల కట్ట. నేనెవరో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో నాకు తెలియదు. ఆమె కౌంటరు దగ్గర ఆయన్ను అడిగింది, "గురమ్మ అంచు వచ్చినాయా?" అని.

అక్కా, మన అవ్వను మన ఇంట్లో అవ్వ అన్నాం, వీధిలో మగ్గం ముసలామె అన్నారు. ఆమె పేరు ఒక పరాయి మనిషి నోట వినడం నాకు ఇదే మొదటిసారి.

"నిన్ననే అయిపోయినాయి మేడం. వచ్చే వారం వస్తాయి. శానా మంది అడుగుతాండారు, పేరు రాసిపోండి" అన్నాడాయన. ఆమె రాసి వెళ్లింది. లక్ష్మీదుర్గ నన్ను మోచేత్తో పొడిచింది, చెప్పమని. నేను కౌంటరు ముందుకు జరిగాను.

"మీకేం కావాలప్పా?" అని ఆయన నన్ను అడిగాడు.

"నాకూ అదే" అన్నాను.

పుస్తకం ఇటు తిప్పాడు. నా పేరు పదిహేడోది. నా ముందు పదహారుమంది ఉన్నారక్కా. తమ్ముడు కదా అని నువ్వు ముందుగా ఒకటి పంపొద్దు. నేను వరుసలోనే నిలబడి తీసుకుంటాను.

ధనుంజయ